వండిన నైలాను వల

2 ఏప్రిల్ 1963, దొరవారిసత్రం

లైసెన్సు వచ్చింది. ఊరట.

ఈ దినచర్యను ఎందుకు ఆరంభిస్తున్నానో నమోదు చేయడం సముచితం. సంఘం కార్యదర్శిగా నేను వ్రాసే ప్రతి కాగితానికీ మూడు నకళ్ళు తీయవలసి ఉన్నది. నకలు అక్కరలేని కాగితం ఒక్కటైనా నా దగ్గర ఉండాలని తోచింది. ఇందులోని విషయాలకు ఎవరూ జవాబు ఇవ్వనక్కరలేదు. అదొక సదుపాయం.

వాల్తేరులో అర్థశాస్త్రం చదివి, అంతర్జాతీయ వాణిజ్య సిద్ధాంతంలో ప్రథమ శ్రేణి పొందిన మనిషి, పులికాటు సరస్సు ఒడ్డున కుప్పం అనబడే జాలరిపల్లె సహకార సంఘంలో జీతానికి కూర్చుని ఏమి చేస్తున్నాడని మా మామగారు అడుగుతుంటారు. ఈ రోజు జవాబు దొరికింది. అంతర్జాతీయ వాణిజ్యం చేస్తున్నాడు. మా కుప్పానికి జపాను దేశపు నైలాను దారం రానున్నది.

నూలు వల ఏడాది తిరగకముందే చీకిపోతుంది. నైలాను చీకదు. సంఘం అధ్యక్షుడు మాల్యాద్రికి ఈ సంగతి చెప్పినప్పుడు అతడు చాలాసేపు సరస్సు వంక చూసి, "చీకకపోతే మా ఆడోళ్ళు యాడ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు సార్? వల అతికే కాడే గదా ఊళ్ళో సంగతులన్నీ తేలేది" అన్నాడు. ఈ నష్టాన్ని ఏ అర్థశాస్త్రజ్ఞుడూ ఇంతవరకు గణించలేదు.

నా మంచం పక్కన రెండు పుస్తకాలు ఉంటవి. ఒకటి ప్రార్థన పుస్తకం. రెండవది దిగుమతుల విధానాన్ని తెలిపే ఎర్ర అట్ట పుస్తకం. మొదటిది మారదు. రెండవది ఆరు నెలలకొకసారి కొత్తగా అవతరిస్తుంది. పాతదాన్ని నమ్మినవాడు పాపి. నా భార్య జయశీల రెండింటి మీది దుమ్మునూ సమదృష్టితో దులుపుతుంది. ఆమె మిషను బడిలో ఉపాధ్యాయిని. దుమ్ము విషయంలో అనుభవం కలది.

19 ఏప్రిల్

దారం చెన్నపట్నం హార్బరులో దిగినట్లు తంతి.

మొన్నటి బడ్జెట్టుతో సుంకాలు పెరిగినవి. మా దారం ఏ శీర్షిక కిందికి వస్తుందన్నది ప్రశ్న. బట్టలు నేసే దారమైతే పూర్తి సుంకం. చేపల వల అల్లే దారమైతే రాయితీ. దారం మాత్రం ఒక్కటే. పట్నంలో కొందరు మేజోళ్ళ వ్యాపారులు జాలర్ల పేరిట దారం తెప్పించి మేజోళ్ళు అల్లుకుంటున్నారట. అందువల్ల ఇకమీదట జాలర్లు తాము జాలర్లమని ఋజువు చేసుకోవాలి. మేజోళ్ళ వ్యాపారులు ఏమీ ఋజువు చేసుకోనక్కరలేదు. వారు ఎలాగూ కనబడరు.

హామీపత్రం మీద సంతకం చేసినాను. దారమంతా వల అవుతుందనీ, కాని పక్షంలో సరుకును స్వాధీనం చేసుకొని నన్ను శిక్షించవచ్చుననీ దాని సారాంశం. సంతకం బాగా కుదిరింది. చివరి అక్షరం కింద గీత కూడా తిన్నగా వచ్చింది.

ఊరట.

7 మే

దారం బేళ్ళు గూడ్సు బండిలో దిగినవి. కుప్పం నుంచి మాల్యాద్రితో పాటు అతని తల్లి ముసలమ్మ కూడా స్టేషనుకు వచ్చింది. కుప్పంలో కొత్త వల పనంతా ఆమె చేతి మీదుగా జరగాలి. ఇంటికొక ముక్క అల్లుతారు. ముక్కలన్నీ కలిపి ఊరంతటికీ ఒకటే పెద్దవల కడతారు. ఏ ముక్క ఏ ఇంటిదో కట్టిన తరువాత కూడా ఆమెకు తెలుసునట.

ఆమె ఒక పోగు లాగి ముడి వేసింది. ముడి జారింది.

"ఏంది నాయనా ఇది, పాముకుబుసం మాదిరి జారతా ఉండాది."

"జపాను దారం అవ్వా. రెండు ముళ్ళు వేస్తే నిలుస్తుందట."

"వాళ్ళూ సముద్రం మింద పోతారా?"

"పోతారు."

"వాళ్ళ గంగమ్మ వేరేనా, మన గంగమ్మేనా?"

ఈ ప్రశ్న ఏ శీర్షిక కిందికి వస్తుందో తెలియక బేళ్ళు లెక్కపెట్టినాను.

2 జూన్

ఎండ. పని సాగుతున్నది. ఊరట.

11 జూలై

కొత్త ఉత్తరువు వచ్చింది. పాత షరతు ప్రకారం దారం వల అయితే చాలు. కొత్త షరతు ప్రకారం వల సంపూర్ణంగా తయారై, నీటిలో దించడానికి సిద్ధంగా ఉండి, అయితే నీటిలో దించబడకుండా ఉన్న స్థితిలో, తనిఖీ అధికారికి చూపబడాలి. నాలుగు కండెలు అల్లి చూపించి నలభై కండెలు అమ్ముకున్న మహానుభావులు ఎక్కడో ఉండి ఉంటారు. వారి పుణ్యమే ఈ వాక్యం.

మాల్యాద్రిని పిలిపించి షరతును సులభమైన తెలుగులో వివరించినాను.

"వల పూర్తిగా తయారు కావాలి. నీళ్ళలో దించడం ఒక్కటే మిగలాలి. దానికి ముందు చేయవలసిన పని ఏదీ మిగలరాదు."

"ఏ పనీనా సార్?"

"ఏ పనీ."

"ఏ పనీ" అని అతడు తనలో తాను ఒకసారి అనుకొని వెళ్ళిపోయినాడు. నా ఆదేశంలోని స్పష్టత నాకే ముచ్చట గొలిపింది.

26 ఆగస్టు

"అంతా అయిపోయింది సార్. మీరు చెప్పినట్టే. ఏ పనీ మిగల్లా" అని మాల్యాద్రి.

ఊరట. వెళ్ళి చూసి రావచ్చును. అయితే అధ్యక్షుని మాట ఉండగా కార్యదర్శి వెళ్ళి చూడడం అపనమ్మకాన్ని సూచిస్తుంది. పైగా ఎండ జాస్తిగా ఉన్నది.

"చూసి వచ్చారా?" అని జయశీల అడిగింది.

"అవసరం లేదు. నమ్మకం కూడా ఒక విధమైన తనిఖీయే."

ఆమె ఇంకొంచెం పప్పు వడ్డించింది.

9 సెప్టెంబరు

తనిఖీ జరిగింది.

అధికారి చెంచురామయ్య గారు గూడూరు నుంచి ప్యాసింజరులో దిగినారు. సన్నగా ఉంటారు. గొడుగు ఉన్నది. మజ్జిగ ఇవ్వబోతే, తనిఖీకి ముందు ఏదీ పుచ్చుకోరాదని నిబంధన ఉన్నదన్నారు. నిజాయితీపరుడు. అంతకంటె అపాయకరమైన మనిషి మరొకడు ఉండడని ఆ క్షణాన నాకు తెలియదు.

కుప్పంలో సంఘం గోదాము తలుపు తీసినారు. లోపల పెద్దవల వెదుళ్ళ మీద ఆరవేసి ఉన్నది. పాత చింతపండు రంగులో ఉన్నది. వాసన కూడా ఉన్నది.

చెంచురామయ్య గారు సంచిలో నుంచి ఒక చిన్న కండె తీసినారు. హార్బరులో మా బేళ్ళ నుంచి తీసి లక్క ముద్ర వేసిన నమూనా. దానిని వల పక్కన పట్టుకున్నారు.

"పరంజ్యోతి గారూ, ఇది తెలుపు."

"అవును."

"అది తెలుపు కాదు."

"కాదు."

"మీరు దిగుమతి చేసుకున్నది తెల్లదారం."

"అవును."

"అయితే ఇది మీరు దిగుమతి చేసుకున్నది కాదు."

తర్కశాస్త్రంలో నా మార్కులు తక్కువేమీ కావు. అయినా ఇందులో నాకు లోపం కనబడలేదు. మాల్యాద్రి వైపు తిరిగినాను.

"వండినాం సార్" అన్నాడు మాల్యాద్రి, సంతోషంగా.

"ఏమి చేసినారు?" అని అధికారి.

"వల వండినాం. తుమ్మపట్ట దంచి, కాగులో మరగబెట్టి, వల ముంచి, ఎండేసి, మళ్ళా ముంచి. ఏ పనీ మిగలగూడదని సెక్రటరీ సారు గెట్టిగా చెప్పినారు."

నూలు వల చీకకుండా ఇలా తుమ్మబెరడు కషాయంలో ఉడకబెట్టడం ఇక్కడి అలవాటు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. నైలానుకు ఆ అవసరం లేదన్న సంగతి వీళ్ళకు చెప్పవలసి ఉంటుందని మాత్రం తోచలేదు. చెప్పనక్కరలేని విషయాల జాబితాలో దానిని నేనే చేర్చి ఉంచినాను.

"చీకని దారానికి చీకకుండా మందు ఎందుకయ్యా?" అని చెంచురామయ్య గారు అడిగినారు.

"పచ్చివల నీళ్ళలో దించగూడదు సార్."

"ఎందుకు?"

"పచ్చిది గదా సార్."

అధికారి వల అంచును వేళ్ళ మధ్య పెట్టి చాలాసేపు నలిపినారు.

"ముట్టుకుంటే తెలుస్తున్నది కదండీ, నైలానేనని" అన్నాను.

"నా చేతికి తెలుస్తున్నది. నా చేయి ప్రయోగశాల కాదు." ఆయన గొంతులో కోపం లేదు. "దారాన్ని మేజోళ్ళ వాళ్ళకు అమ్మి, ఏదో నూలు వలకు పట్ట వేసి చూపిస్తున్నారని నేను అనడం లేదు. అలా అనుకోవడానికి వీలున్నదని మాత్రం వ్రాయవలసి ఉంటుంది."

వలను మోకులతో కట్టి, ముడి ముడికీ లక్క ముద్ర వేసినారు. గోదాము వాకిలి దగ్గర ముసలమ్మ నిలబడి, లక్క కరిగించే దీపం వంక చూస్తున్నది.

"వల కట్టెయ్యడం యాడన్నా చూసినామా" అన్నది, ఎవరితోనూ కాదు.

10 సెప్టెంబరు

విశేషాలు లేవు.

11 సెప్టెంబరు

విశేషాలు లేవు. జయశీల నా పళ్ళెం తిరిగి తీసుకుపోతూ, "విశేషాలు లేకపోతే తినవచ్చు కదండీ" అన్నది.

15 సెప్టెంబరు, ఆదివారం

ఆరాధన తరువాత పాస్టరు గారితో కొంత సంభాషణ. మాటల సందర్భంలో, కేవలం విద్యావిషయికమైన ఆసక్తితో, నెల్లూరు జైలులో మనవాళ్ళకు ఆదివారం ఆరాధన ఉంటుందా అని అడిగినాను. ఉంటుందట. పండుగలకు ఇక్కడి నుంచి పాటల బృందాన్ని కూడా పంపుతారట. సదుపాయాలు సంతృప్తికరం.

ఊరట.

దారిలో జయశీల, "అక్కడి బృందంలో బొంగురు గొంతులకు చోటుందో లేదో కూడా కనుక్కోవలసింది" అన్నది.

21 సెప్టెంబరు

గోదాము చూరు కింద, ముద్రలు పడని ముక్క ఒకటి దొరికింది. జానెడు ఉంటుంది. దానిలోని పట్టను వదిలించగలిగితే తెలుపును ఋజువు చేయవచ్చునని నా సిద్ధాంతం. వంటింట్లో పెద్ద గిన్నెలో చాకలి సోడా వేసి, మధ్యాహ్నమంతా మరగబెట్టినాను. తరువాత సున్నపు తేట వేసినాను. తరువాత నిమ్మరసం కూడా.

ఫలితం: నైలాను పట్టను వదలలేదు. గిన్నె దానిని పట్టుకున్నది.

జయశీల బడి నుంచి వచ్చి, గిన్నెలోకి తొంగి చూసి, "ఈ గిన్నె దిగుమతిదా, స్వదేశీదా?" అని అడిగింది.

"స్వదేశీ."

"అయితే మన మీద కేసు లేదు" అని బయటికి తీసుకుపోయింది. పెరట్లో బూడిదతో తోముతున్న చప్పుడు సాయంత్రం దాకా వినవచ్చింది.

1 అక్టోబరు

కొత్త ఎర్ర పుస్తకం వచ్చింది. మా శీర్షిక పుట మారింది. కింద కొత్త గమనిక: తెల్లదారం మేజోళ్ళకు పోతున్నందువల్ల, ఇకమీదట చేపల వలల దారం రంగు వేసిన రూపంలో మాత్రమే దిగుమతి కావాలి.

అనగా వలకు రంగు ఉండడం ఇకమీదట నేరం కాదు, ప్రమాణం. మా వలకు ఉన్నది రంగే. ప్రభుత్వం ఇప్పుడు కోరుతున్న పనిని మా కుప్పంవారు ఆగస్టులోనే నెరవేర్చినారు.

గొప్ప ఊరట. చెంచురామయ్య గారికి వెంటనే వ్రాసినాను. మూడు నకళ్ళు. జయశీలను కూడా కూర్చోబెట్టి చదివి వినిపించినాను. బాగున్నదన్నది. ఇడ్లీలు ఆరు తిన్నాను.

5 అక్టోబరు

జవాబు వచ్చింది. ఏ అర్ధసంవత్సరపు సరుకుకు ఆ అర్ధసంవత్సరపు విధానమే వర్తిస్తుంది. మా సరుకు వెనకటి విధానానిది. అప్పటికి అది తెల్లగా ఉండి తీరాలి. గత ఆరు నెలల పాపానికి ఈ ఆరు నెలల పుణ్యం చెల్లదు.

పైగా: వలలోని దారం ఏమిటో ప్రయోగశాలలో తేలాలి, ఫలితం సంక్రాంతికి ముందు ఆశించరాదు, అంతవరకు వల ఇక్కడ ఉండరాదు. ఈ నెల 21న పట్నం గిడ్డంగికి తరలించబడుతుంది.

ఏమైనా, తేదీ తెలిసింది. తెలియకుండా ఉండడం కంటె తెలియడం మేలు. ఊరట అని చెప్పవచ్చును.

8 అక్టోబరు

కుప్పానికి వెళ్ళినాను. తూర్పున మబ్బులు దిగి ఉన్నవి. గాలి మారింది. మాల్యాద్రి పడవ మీద కూర్చున్నాడు. పడవ ఒడ్డున బోర్లించి ఉన్నది.

"వానలు పడితే ముఖద్వారం తెగతాది సార్. సముద్రం నీళ్ళు లోపలికొస్తాయి, దాంతో రొయ్య. అది మన కాయితాల కోసం ఆగదు."

"పాత వల ఉన్నది కదా?"

"యాడిది? కొత్తది వస్తాదని వేసంగిలోనే కోసేసినాం. పిల్లకాయలు వుయ్యాలలు కట్టుకున్నారు." చేత్తో చూపించినాడు. నిజమే. ప్రతి గుడిసె ముందూ ఒకటి వేలాడుతున్నది.

ఈ రెండు మూడు నెలల రొయ్య మీదనే వీళ్ళ ఏడాది గడుస్తుంది. ఈ విషయం సంఘం వార్షిక నివేదికలో వ్రాసినవాడిని గనుక నాకు బాగా తెలుసు.

"కృష్ణపట్నం ఉప్పు కొఠార్లలో కూలి ఉండాదంట. మావోళ్ళు కొందరు పోతామంటుండారు. మేం మంచోళ్ళమని ఒక ముక్క రాసిస్తారా సార్? తెలీని ఊరు గదా."

పడవ చెక్క మీద కాగితం పెట్టుకొని అక్కడే వ్రాసి ఇచ్చినాను. ఈ పత్రం తెచ్చినవారు వల కలిగిన మనుషులు అని మొదలుపెట్టి, కొట్టివేసి, మంచి మనుషులు అని వ్రాసినాను. నకలు తీయలేదు.

ఏప్రిల్ నుంచి ఈ దినచర్యను తిరగవేసి చూసినాను. సంతకం గురించి చాలా ఉన్నది. రొయ్య గురించి ఏమీ లేదు.

14 అక్టోబరు

గూడూరు వెళ్ళినాను. చెంచురామయ్య గారు కార్యాలయంలో ఒంటరిగా ఉన్నారు. గొడుగు గోడకు వేలాడుతున్నది.

"ప్రయోగశాలలో ఏమి చేస్తారండీ?" అని అడిగినాను.

"ఒక పోగు తీసి నిప్పు చూపిస్తారు. నూలైతే మండి బూడిద అవుతుంది. నైలానైతే కరిగి, ముడుచుకొని, పూస కడుతుంది."

"అంతేనా?"

"అంతే. మిగిలిన మూడు నెలలూ దాని గురించి వ్రాస్తారు."

"మీ బల్ల మీద అగ్గిపెట్టె ఉన్నది."

"ఉన్నది." ఆయన దానిని సొరుగులో పెట్టి మూసినారు. "ముద్ర వేసిన సరుకును అధికారి నష్టపరచరాదు. మీరు నష్టపరిస్తే సాక్ష్యాన్ని చెరిపినట్లు. మీ ఉత్తరంలో వ్రాసిన ఆ చూరు కింద దొరికిన ముక్క చూపిస్తారేమో. అది ఈ వలదేనని ఎవరు చెప్పాలి?"

ఆ ముక్క నా జేబులోనే ఉన్నది. తీయలేదు.

తరువాత ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ అడిగినారు.

"మీ కుప్పంలో కొత్త వలకు వంట ఒక్కటేనా, మరేదైనా ఆచారం ఉందా?"

"నీళ్ళలో దించేముందు పూజ ఉంటుంది. పెద్దావిడ వల చుట్టూ తిరిగి సాంబ్రాణి వేస్తుంది."

"నిప్పుల మీదనే కదా?"

"నిప్పుల మీదనే."

"ప్రజల ఆచారాలలో అధికారులు జోక్యం చేసుకోరాదని మాకొక నిబంధన ఉన్నది. చాలా గట్టి నిబంధన." కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "శుక్రవారం ముద్రలు సరిచూడడానికి వస్తాను. ఆ సమయానికి అక్కడ ఏదైనా ఆచారం జరుగుతుంటే నేను ఆపలేను."

నిప్పురవ్వ అన్న మాట ఆయన అనలేదు. నేను వినలేదు. సెలవు తీసుకున్నాను.

16 అక్టోబరు

ముసలమ్మ ఒప్పుకోలేదు.

విషయాన్ని క్రమంగా, హేతువులతో వివరించినాను. ఆమె ఓపికగా విని, "చెప్పడం అయిందా నాయనా?" అన్నది. అయిందన్నాను.

"కాపురానికొచ్చినకాడ నించి సాంబ్రాణి ఏస్తుండా. ఒక్క రవ్వ రాలిందేమో అడుగు ఎవర్నన్నా."

"రాలలేదు అవ్వా. అదే ఇప్పుడు ఇబ్బంది."

"నిప్పు పడిన వలతో పోతే గంగమ్మ వూరుకుంటాదా?"

మాల్యాద్రి కలుగజేసుకున్నాడు. "వల పట్నం పోతే మనకింక గంగమ్మతో పనేముండాది అమ్మా? ఉప్పు మోసేదానికి ఆమెతో ఏం పని?"

"నువ్వు నోరు ముయ్యి. నీళ్ళమింద పోయేది నువ్వు. ఒడ్డున కూర్చుని చూసేది నేను." నా వైపు తిరిగింది. "ఆ ఆపీసరు చేతనే పెట్టించరాదా నిప్పు?"

"ఆయనకు నిబంధన ఒప్పుకోదు అవ్వా."

"నాకూ ఒప్పుకోదు నాయనా."

రెండు నిబంధనలూ సమాన బలం కలవి. ఈ చిక్కుకు ఎర్ర పుస్తకంలో పుట లేదు. లేచి వచ్చేసినాను.

17 అక్టోబరు

మధ్యాహ్నం మాల్యాద్రి ఇంటికి వచ్చినాడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"ఒప్పుకుంది సార్. ఒకటే రవ్వ. అదీ నా వాటా ముక్క మింద, అంచున. ఇంకెవురి ముక్క మింద పడినా వూరుకోనంది."

"నీ ముక్క మీదనే ఎందుకు?" అని అడిగింది లోపలి నుంచి జయశీల.

"వేరేవాళ్ళ బిడ్డల మింద ఎట్టేస్తాదమ్మా" అన్నాడు మాల్యాద్రి.

జయశీల అతనికి కాఫీ తెచ్చి ఇచ్చింది. నాకు తేవడం మరచిపోయింది.

18 అక్టోబరు, శుక్రవారం

వ్రాయవలసినది చాలా ఉన్నది. క్రమంగా వ్రాయడానికి ప్రయత్నిస్తాను.

గోదాము ముందు కుప్పమంతా చేరింది. ఉప్పు కొఠార్లకు బయలుదేరవలసినవారు మూటలతోనే నిలబడినారు. చెంచురామయ్య గారు మబ్బు పట్టి ఉన్నా గొడుగు విప్పి, దాని కింద నిలబడి ముద్రలు ఒక్కొక్కటే సరిచూసినారు. అన్నీ సరిగా ఉన్నవని గట్టిగా చెప్పినారు. తరువాత గొడుగు ముడిచి, పక్కకు తప్పుకొని, "ఇక్కడ ఏదో ఆచారం జరగబోతున్నట్లున్నది" అన్నారు.

"అవునండీ" అన్నాను.

"నేను జోక్యం చేసుకోను."

ముసలమ్మ మట్టి మూకుడులో నిప్పులతో వచ్చింది. తలస్నానం చేసి పసుపు బట్ట కట్టుకున్నది. సాంబ్రాణి చల్లి, పొగతో వల చుట్టూ తిరిగింది. ప్రతి ముక్క దగ్గరా ఆగి ఆ ఇంటివారి పేరు చెప్పింది. అన్నీ ఒకే గోధుమ రంగులో ఉన్నవి. ఏది ఎవరిదో నాకు తెలిసే వీలు లేదు. ఆమె ఒక్కసారి కూడా తడుముకోలేదు. ఆఖరుకు అంచు దగ్గర నిలబడి, "మాల్యాద్రి" అన్నది. మూకుడు ఒరిగింది.

రవ్వ పడింది.

మంట లేదు. బూడిద లేదు. వల చటుక్కున వెనక్కి ముడుచుకున్నట్లయి, ఉసిరికాయంత కన్నం పడి, చుట్టూ నల్లని పూసలు కట్టింది. మేము పెళ్ళిళ్ళలో గాని, శవసంస్కారాలలో గాని ఎరగని వాసన ఒకటి వచ్చింది. ముసలమ్మ మూకుడు కింద పెట్టి, చేతులు రెండూ కొంగులో చుట్టుకున్నది.

చెంచురామయ్య గారు వంగి, పూస చల్లారేదాకా ఆగి, కలం వెనక కొసతో తట్టినారు. టక్కుమన్నది.

"ఈ కుప్పం ఆచారంలో సంభవించిన ప్రమాదానికి శాఖ విచారం తెలుపుతున్నది" అన్నారు. తరువాత అక్కడే పెట్టె మీద కూర్చుని వ్రాసినారు. ప్రమాదంలో సరుకు నైలాను అని స్పష్టపడింది; రంగు స్థానిక ఆచారం వల్ల కలిగింది; నిజంగా వలకు వాడదలచని దారాన్ని ఎవరూ ఇంత శ్రమపడి వండరు గనుక, రంగే సద్వినియోగానికి నిదర్శనం. ముద్రలు తొలగించడమైనది.

ఆ చివరి వాక్యాన్ని ఆయన నాకు చదివి వినిపించినారు. మరొకసారి చదవమన్నాను. చదివినారు.

మాల్యాద్రి కత్తితో మోకులు కోసినాడు. ఎవరూ కేకలు వేయలేదు. మూటలు తెచ్చుకున్నవాళ్ళు వాటిని మళ్ళీ గుడిసెలలోకి తీసుకుపోయినారు, అంతే.

చెంచురామయ్య గారు ఉత్తరీయంతో మెడ తుడుచుకొని, "తనిఖీ ముగిసింది కదా, ఆ మజ్జిగ ఇంకా ఉందా?" అని అడిగినారు. రెండు లోటాలు తాగినారు. తాను వ్రాసిన కాగితాన్ని మరొకసారి విప్పి, అడుగున ఉన్న తన సంతకాన్ని చూసుకున్నారు. ఆయనకూ సంతకం ఉన్నదన్న సంగతి నాకు అంతవరకు తోచలేదు.

ఇంటికి వచ్చి జయశీలకు చెప్పబోయి, మొదట పూస అన్నాను, తరువాత మజ్జిగ అన్నాను. "సరే, తరువాత చెప్పండి" అని అన్నం పెట్టింది. పెట్టినదంతా తిన్నాను.

20 అక్టోబరు

వాన. రాత్రి మొదలై ఇంకా పడుతున్నది. ముఖద్వారం తెగిందని కుప్పం నుంచి కబురు. పెద్దవల నీళ్ళలో దిగింది.

21 అక్టోబరు

వల పట్నానికి తరలవలసిన రోజు. వాన.

ఊరట. ఊరట.

4 నవంబరు

మాల్యాద్రి గంప పంపించినాడు. పైన తామరాకు, కింద రొయ్యలు, ఇంకా మీసాలు కదుపుతున్నవి. జయశీల వాటిని ఆ గోధుమరంగు గిన్నెలోనే వండింది. సోడాకు లొంగని రంగు రొయ్యల పులుసుకు శోభనిచ్చింది.

సాయంత్రం కుప్పానికి వెళ్ళినాను. వల ఒడ్డున ఆరబెట్టి ఉన్నది. ఈసారి స్వయంగా చూడాలనిపించింది. అంచు వెంబడి నడిచి మాల్యాద్రి ముక్క దగ్గర ఆగినాను. కన్నం లేదు. దాని స్థానంలో అరచేయంత అతుకు ఉన్నది. దారం వేరు. వేళ్ళతో నలిపి చూసినాను. మెత్తగా ఉన్నది.

ముసలమ్మ పక్కనే కూర్చుని రొయ్యలు వొలుస్తున్నది.

"ఇది నూలు కదా అవ్వా?"

"మా ఆయన వల్లోది. దాచిపెట్టుకోనుండా. మళ్ళా వండినాలే" అన్నది. "గంగమ్మ ఎరిగిన దారం ఒక్క పోగన్నా ఉండాల గదా నాయనా. ఇప్పుడిది కాలిన వల గాదు. అతికిన వల."

హామీపత్రం నాలుగవ షరతు ప్రకారం, వలలో దిగుమతి దారం తప్ప అన్యదారం చేరినచో కార్యదర్శి వెంటనే లిఖితపూర్వకంగా తెలియజేయవలసి ఉన్నది.

చినుకులు పడసాగినవి. నా కళ్ళద్దాలు తడిసి స్పష్టంగా ఏమీ కనబడలేదు. ముసలమ్మ పక్కన కాసేపు కూర్చుని ఇంటికి వచ్చినాను.

ఈ పుటకు నకలు లేదు.